నడికట్టు: ఇంట్లో చాప మీదనే నడుముకు బలం

(గుంటూరు బృందావన్ గార్డెన్స్ ప్రాంతంలో ఉదయపు నడకకు వచ్చేవారి కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను వేదిక మీదికి పిలవక ముందు ఆ వెనుక తలుపు దగ్గర నిలబడి, మీరు వచ్చి కూర్చుంటున్న తీరును ఒక పది నిమిషాలు గమనించాను. ఇది మా వృత్తివాళ్ళకు ఉన్న దురలవాటు, మన్నించాలి. రోజూ నాలుగైదు చుట్లు చెమట పట్టేలా నడిచే మీలో సగం మందికి పైగా, కుర్చీలో కూర్చోవడానికి మాత్రం ముందు వరుస కుర్చీని పట్టుకున్నారు, లేదా మోకాలి మీద చేయి ఆనించారు. చివరి జానెడు దూరం కూర్చోలేదు, కూలబడ్డారు. నడక వల్ల గుండెకూ కాళ్ళకూ అందవలసినది అందుతున్నది. మధ్యలో ఉన్న నడుముకు మాత్రం ఆ నడకలో అందేది చాలా తక్కువ. ఈ ఉదయం నేను మాట్లాడబోయేది ఆ మధ్య భాగం గురించి మాత్రమే.

ఇప్పుడు అందరూ దీనిని కోర్ అంటున్నారు. జిమ్ముల బోర్డుల మీద, ఫోన్లలో వచ్చే చిన్న వీడియోలలో ఈ మాట కనిపించగానే పొట్ట మీద ఆరు పలకలు తేలిన కుర్రవాడి బొమ్మ కూడా కనిపిస్తుంది కాబట్టి, యాభై దాటినవారు ఇది మనకు సంబంధించిన వ్యవహారం కాదని పక్కకు జరుగుతారు. నేను ఈ మాటకు బదులు మన పాత మాట ఒకటి వాడుకుంటాను: నడికట్టు. ఏదైనా పెద్ద పని మొదలుపెడితే మనం నడుం బిగించామంటాము. చేతులు బిగించామనో, కాళ్ళు బిగించామనో అనము. ఆ మాట ఊరికే పుట్టలేదు. మన మిర్చి యార్డుకు ఒకసారి వెళ్ళి, 40 కిలోలు దాటిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, వీపు మీదికి తీసుకునే హమాలీని చూడండి. బరువు ఒంటి మీద పడబోయే ముందు క్షణంలో అతని పొట్ట, పక్కలు, వీపు ఒక్కసారిగా గట్టిపడతాయి. అతను తువ్వాలు చుట్టుకున్నా చుట్టుకోకపోయినా, చర్మం కింద ఒక కట్టు బిగుసుకుంటుంది. అదే కోర్. అతనికి ఎవరూ నేర్పలేదు, పని నేర్పింది. ఆ పని లేని మనం దానిని వ్యాయామం ద్వారా నేర్చుకోవలసి వస్తున్నది.

ఆ కట్టు దేనితో తయారైందో చూద్దాం. నడుము భాగంలో వెన్నుపూసలు అయిదు, వాటి మధ్య డిస్కులు. ఈ భాగం చుట్టూ పక్కటెముకల గూడు లేదు. పైన ఛాతీకీ కింద కటి ఎముకలకూ మధ్య ఇది ఒంటిగా నిలబడిన గుంజ. కండరాలన్నీ తొలగించి, ఎముకలూ డిస్కులూ వాటిని కట్టి ఉంచే స్నాయువులూ మాత్రమే మిగిల్చి ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు, ఆ నడుము గుంజ సుమారు 90 న్యూటన్ల బరువుకే, అంటే మన లెక్కలో దాదాపు 9 కిలోలకే, పక్కకు ఒరిగిపోయింది. మన తల, భుజాలు, ఛాతీ కలిస్తే అంతకు ఎన్ని రెట్లు ఉంటాయో మీరే ఊహించండి. కాబట్టి మనల్ని నిటారుగా నిలబెడుతున్నది ఎముక ఒక్కటే కాదు. పెళ్ళిళ్ళలో వేసే షామియానా గుంజను గుర్తు చేసుకోండి: గుంజ ఎంత లావుగా ఉందన్నది కాదు, నాలుగు వైపులా లాగి కట్టిన తాళ్ళు సమంగా బిగువుగా ఉన్నాయా లేదా అన్నది అక్కడ ముఖ్యం. ఒక వైపు తాడు వదులైతే, మిగతా మూడు వైపులా ఎంత గట్టిగా కట్టినా గుంజ ఒరుగుతుంది.

మన నడుముకు ముందు వైపు నిలువుగా ఉన్న పొట్ట కండరం ఒక తాడు. పక్కలకు ఏటవాలుగా అల్లుకున్న కండరాలు మరొకటి. వెనుక పూసలను ఒకదానితో ఒకటి కుట్టినట్టు ఉండే మల్టీఫిడస్, దాని పైన పొడవాటి వెన్ను కండరాలు ఇంకొకటి. వీటన్నిటికీ లోపల పొట్టను చుట్టుకుని అడ్డంగా సాగే ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అనే కండరం ఉంది; నడికట్టు అన్న పేరు అచ్చంగా సరిపోయేది దానికే. పైన మూతలాగా ఉదరవితానం, అంటే ఊపిరి తీసే డయాఫ్రం. అడుగున జోలె లాగా కటితలపు కండరాలు. నాలుగు వైపులా గోడలు, పైన మూత, కింద అడుగు కలిపి ఇది ఒక డబ్బా. డబ్బా గోడలు బిగుసుకున్నప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి వెన్నుకు లోపలి నుంచి ఆసరా దొరుకుతుంది. గాలి నిండిన సైకిలు ట్యూబు బరువు మోస్తుంది, గాలి తీసినది మోయదు. ఇంతకు మించిన శరీర శాస్త్రం ఈ రోజుకు మనకు అవసరం లేదు.

1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న విషయాన్ని కొలిచి చూపించారు. నిలబడి ఉన్న మనిషిని చేయి చటుక్కున పైకెత్తమన్నారు. నడుము నొప్పి లేనివారిలో, చేతిని ఎత్తే భుజం కండరం కంటే ముందే లోపలి నడికట్టు కండరం బిగుసుకుంది. నడుము నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యంగా మేలుకుంది. చేయి లేపాలని అనుకోగానే నాడీ వ్యవస్థ ముందుగా పునాదిని గట్టి పరచుకుంటుందన్న మాట. ఈ పరిశోధనను ఆధారం చేసుకుని ఆ తరువాత చాలా ఏళ్ళు మా వృత్తిలో అందరికీ బొడ్డును లోపలికి పీల్చి పట్టుకోమని చెప్పడం ఒక వాడుకగా మారింది. నేనూ చెప్పాను. ఇప్పుడు చెప్పను. ఒకే ఒక్క తాడును బిగించే ప్రయత్నంలో మిగతా తాళ్ళను మరిచిపోవడం అది. పొట్టను లోపలికి పీల్చితే గుంజ అడుగు భాగం ఇరుకవుతుంది. హమాలీ అలా చేయడు, అతను చుట్టూ సమంగా బిగిస్తాడు.

ఇక్కడికి వచ్చాక, ఈ ప్రసంగం మొత్తంలో నేను చెప్పదలచుకున్న ఒక్క మాట చెబుతాను. నడికట్టు ప్రధానమైన పని నడుమును వంచడం కాదు, చేతులూ కాళ్ళూ కదులుతున్నప్పుడు నడుమును వంగకుండా, మెలి తిరగకుండా నిలిపి ఉంచడం. ఈ సంగతి తెలియక నేను స్వయంగా నష్టపోయాను. కాలేజీలో చదివే రోజుల్లో, మంచం కింద పాదాలు దూర్చి, వెల్లకిలా పడుకుని పూర్తిగా లేచి కూర్చునే సిటప్‌లు రోజుకు 100 తీసేవాడిని. అలా తీయమని చెప్పినవారి మాట వేదవాక్కు నాకు. పొట్ట గట్టిపడింది, అద్దం ముందు సంతోషం కూడా కలిగింది. ఒక రోజు ఉదయం లేచి, సింకు మీదికి వంగి పళ్ళు తోముకుంటున్నాను. చేతిలో ఉన్నది బ్రష్షు మాత్రమే, బరువు ఏమీ లేదు. నడుము పట్టేసింది, నాలుగు రోజులు గోడ పట్టుకుని నడిచాను. ముందు తాడును నెలల తరబడి బిగించి, పక్క తాళ్ళనూ వెనుక తాళ్ళనూ గాలికి వదిలేసిన ఫలితం అది. పైగా రోజుకు 100 సార్లు అదే డిస్కులను వంచి నలిపాను.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్ను మీద దశాబ్దాల పాటు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ కొలతల ప్రకారం ఒక్కొక్క సిటప్‌లో నడుము పూసల మీద పడే ఒత్తిడి సుమారు 3,300 న్యూటన్లు. బరువులెత్తే కార్మికుల విషయంలో జాగ్రత్త పడవలసిన హద్దుగా అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ పెట్టిన అంకె 3,400. అంటే మనం ఆరోగ్యం కోసమని చేస్తున్న పని, ఫ్యాక్టరీలో కార్మికుడికి పెట్టిన హద్దు అంచున ఉంది. అమెరికా సైన్యం ఎన్నో ఏళ్ళుగా వాడిన సిటప్ పరీక్షను చివరికి వదిలిపెట్టి, 2022లో ఖరారు చేసిన దేహ పరీక్షలో ప్లాంకును, అంటే ఒళ్ళును పలకలాగా కదలకుండా నిలిపే వ్యాయామాన్ని, పెట్టింది. సిటప్ చేసిన ప్రతివాడికీ నడుము పోతుందని నేను అనడం లేదు. పడుచు నడుములు చాలా తట్టుకుంటాయి. మన వయసుకూ మన అవసరానికీ అది మంచి బేరం కాదని మాత్రం అంటున్నాను.

పొట్ట తగ్గుతుందా అన్న ప్రశ్న కొందరి ముఖాల్లో ఇప్పటికే కనిపిస్తున్నది. ఈ వ్యాయామాల వల్ల తగ్గదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులనూ కొలిచి చూశారు. ఏళ్ళ తరబడి రాకెట్ తిప్పిన చేయి కండ పెంచుకుంది గానీ, రెండు చేతుల చర్మం కింది కొవ్వు మందంలో తేడా కనిపించలేదు. పని చేసిన చోట కొవ్వు కరగదు. కొవ్వు లెక్క ఒంటి మొత్తానిది, అందులో కంచం వాటా పెద్దది. అయితే నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే చక్కెర వ్యాధికీ గుండె జబ్బుకూ దగ్గరవుతున్నట్టేనని మన దేశంలో వైద్యులు చెబుతారు కాబట్టి, ఇంటికి వెళ్ళాక టైలరు టేపుతో ఒకసారి కొలుచుకోండి. ఆ విషయం ఇంకొక సభకు వదిలేద్దాం.

ఇక చాప పరుచుకుందాం. చాప గానీ జంపఖానా గానీ చాలు. పరుపు పనికిరాదు, ఎందుకంటే మెత్తటి పరుపు మీద నడుము ఎటు వంగుతున్నదో మీకే తెలియదు. మోకాళ్ళ నొప్పుల వల్ల కింద కూర్చుని లేవలేనివారు బల్ల మంచం మీద చేసుకోవచ్చు. మొదటి పాఠం బిగించడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి, పాదాలు నేలకు ఆనించండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య మెత్తగా ఉండే చోట రెండు వైపులా వేళ్ళు గుచ్చినట్టు పెట్టి, ఒక్కసారి దగ్గండి. వేళ్ళను బయటికి నెట్టిన ఆ బిగువే మనకు కావలసినది. ఇప్పుడు దగ్గకుండా ఆ బిగువును తెప్పించండి. మనవడు ఆటగా పొట్ట మీద గుద్దబోతున్నాడని అనుకుంటే అదే వస్తుంది. పూర్తి బలంతో కాదు, పదింట ఒక వంతు బలం చాలు. ఇక అసలు కష్టం: ఆ బిగువు అలాగే ఉండగా మామూలుగా ఊపిరి పీల్చి వదలాలి. మొదటి రోజు నూటికి తొంభై మంది ఊపిరి బిగబడతారు. ఊపిరి తీస్తూ బిగువు నిలపడం వచ్చేదాకా, నాలుగు రోజులైనా వారమైనా, తరువాతి పాఠానికి వెళ్ళవద్దు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఈ పాఠాన్ని చిన్నచూపు చూస్తారు, చెమట పట్టలేదని వారి ఫిర్యాదు. పునాది గుంటలో చెమట ఎవరికీ కనిపించదు.

బిగువు పట్టుబడ్డాక, అదే వెల్లకిలా భంగిమలో చేతులను కప్పు వైపు చాచి, తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా లంబకోణంలో ఉండేటట్టు కాళ్ళు పైకెత్తండి. వెల్లకిలా పడిన బొద్దింక గుర్తుకు వస్తే మీరు సరిగ్గానే చేస్తున్నారు. ఇంగ్లీషులో దీని పేరు కూడా చచ్చిన పురుగనే అర్థం వచ్చే డెడ్ బగ్. ఇప్పుడు కుడి చేతిని తల వెనక్కీ, ఎడమ కాలిని ముందుకూ నెమ్మదిగా చాచి, నేలకు జానెడు ఎత్తులో ఆపి, వెనక్కి తీసుకురండి. తరువాత రెండో జత. ఇలా చాచి వెనక్కి తెచ్చేంతసేపూ మీ నడుముకూ చాపకూ మధ్య సందు పెరగకూడదు. సందు పెరిగిందంటే కాలు మీ శక్తికి మించి దూరం వెళ్ళిందని అర్థం, అంత దూరం చాచకండి. చేతులు కాళ్ళు కదలాలి, నడుము కదలకూడదు అన్న మన సూత్రం ఇంత స్పష్టంగా తెలిసే వ్యాయామం ఇంకొకటి లేదు.

దీనినే తిరగవేస్తే బర్డ్ డాగ్ అవుతుంది. మనవలను వీపు మీద ఎక్కించుకుని ఏనుగాట ఆడే తాతల భంగిమ అది: భుజాల కింద అరచేతులు, తుంటి కింద మోకాళ్ళు. ముందు బిగువు తెచ్చుకుని, కుడి చేతిని ముందుకూ ఎడమ కాలిని వెనక్కూ చాచి, పది సెకన్లు ఆగి, మార్చండి. కాలిని పైకి ఎగరవేయడం ఇందులో అందరూ చేసే తప్పు. మడమను వెనుక గోడకు తాకించాలన్నట్టు నెట్టాలి, పిరుదుల ఎత్తును మించి లేపకూడదు. ఇంట్లో తప్పు చెప్పేవారు ఉండరు కాబట్టి, అడుగు చదునుగా ఉన్న స్టీలు పళ్ళెం ఒకటి నడుము మీద పెట్టించుకోండి. పళ్ళెం పడితే నడుము తిరిగింది. నా దగ్గరికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పళ్ళెం చాలదని, అందులో గ్లాసుడు నీళ్ళు పెట్టించుకుని నెలన్నర సాధించారు. మణికట్టు నొప్పి ఉన్నవారు అరచేయి పరచకుండా పిడికిలి మీద నిలబడవచ్చు. మెక్‌గిల్ నడుము నొప్పి వారికి ముఖ్యంగా చెప్పే మూడు వ్యాయామాలలో ఇది ఒకటి. ఇల్లంతా కలిపి ఒకే వ్యాయామం ఎంచుకోమంటే నేను కూడా దీనినే ఎంచుకుంటాను.

మిగతా రెంటిలో పక్కవాటు వంతెన గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పక్క తాళ్ళను అందరూ మరిచిపోతారు. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కాసేపు ఒంటికాలి మీద ఉంటాము. ఆ క్షణంలో కటి రెండో వైపుకు కుంగకుండా పట్టుకునేవి తుంటి పక్క కండరాలూ నడుము పక్క కండరాలూ. ఒకప్పుడు పంపు దగ్గర నుంచి బిందెను చంకన పెట్టుకుని ఇంటికి చేరే అమ్మమ్మలకు ఈ వ్యాయామం రోజుకు పదిసార్లు దొరికేది. ఇప్పుడు 20 లీటర్ల నీళ్ళ టిన్ను కుర్రవాడు తెచ్చి వంటింట్లో పెట్టి వెళుతున్నాడు. అందుచేత ఒక పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళు వెనక్కి ముడిచి, మోచేయిని సరిగ్గా భుజం కింద ఉంచి, మోచేతికీ మోకాలికీ మధ్య ఒళ్ళు మొత్తం ఒక గీతగా పైకి లేపండి. పది సెకన్లు. భుజం నొప్పి ఉంటే నేల మీద వద్దు. గోడకు పక్కగా నిలబడి ముంజేయి గోడకు ఆనించి, పాదాలను గోడకు కాస్త దూరంగా జరిపి ఒళ్ళు వాల్చితే అదే పని తేలికగా అవుతుంది. కుడి వైపు పది సెకన్లు హాయిగా ఉండి ఎడమ వైపు అయిదు సెకన్లకే వణికితే, ఆ తేడాను నిర్లక్ష్యం చేయకండి. బలహీనమైన వైపు ఒక వరస ఎక్కువ చేసి సరి చేసుకోండి.

మూడోది కర్లప్. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు ముడిచి, రెండు అరచేతులూ నడుము ఒంపు కింద పెట్టుకుని, తలనూ భుజాలనూ నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తు మాత్రమే లేపి నిలపడం. ఇంకా పైకి లేస్తే అది సిటప్, మనం వదిలేసినది. మెడ నొప్పి ఉన్నవారు దీనిని మానేసినా కొంప మునగదు. వీటికి తోడు, వెల్లకిలా పడుకుని మడమలు నేలకు తన్ని పిరుదులను పైకెత్తే వంతెన ఒకటి చేర్చుకోండి. యోగా చేసేవారికి సేతుబంధాసనంగా ఇది తెలుసు. నడుముతో లేపకుండా పిరుదులను బిగించి లేపడమే ఇందులో కిటుకు.

ప్లాంకు విషయంలో నాకు కొంచెం అసహనం ఉంది, దాచుకోను. మోచేతుల మీదా కాలి వేళ్ళ మీదా ఒళ్ళును పలకలాగా నిలిపే ఆ వ్యాయామం మంచిదే. దాన్ని గడియారంతో పోటీగా మార్చినవారి మీదే నా కోపం. ప్రపంచ రికార్డు 9 గంటలు దాటింది. అంత సేపు బోర్లా నిలబడి అతను సాధించిన రికార్డు అతనిది, మన నడుముకు దానితో పని లేదు. రెండు నిమిషాలు నడుము జారవిడిచి వేలాడేదాని కంటే, మోచేతులను పాదాల వైపు లాగుతున్నట్టు, పిరుదులను పిండుతున్నట్టు బిగించి పట్టిన పది సెకన్లే మేలు. మొదట వంటగట్టు అంచున చేతులు ఆనించి, తరువాత మెట్టు మీద, తరువాత చాప మీద మోకాళ్ళతో, చివరికి కాలి వేళ్ళతో; ఒక్కొక్క చోట రెండు వారాలు.

ఎంత చేయాలన్నదానికి లెక్క చిన్నది. బర్డ్ డాగ్ కైనా పక్కవాటు వంతెనకైనా పది సెకన్ల పట్టు ఒకటిగా లెక్కపెట్టి, మొదటి వరస 6, కొద్దిగా ఆగి రెండో వరస 4, మూడో వరస 2. వరసలు తగ్గుతూ పోవడం వల్ల అలసటతో భంగిమ చెడిపోదు. నిజానికి నడికట్టుకు కావలసినది ఒక్క ఊపు బలం కాదు, రోజంతా కొద్ది కొద్దిగా నిలిచే ఓర్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనలలో నడక వంటి వాటికి వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాలు కేటాయించి, దానికి అదనంగా వారంలో కనీసం 2 రోజులు కండరాల బలం కోసం వ్యాయామం చేయమన్నది. 65 దాటినవారికి తూలిపడకుండా ఉండే నిలకడ వ్యాయామాలు వారానికి 3 రోజులు చేర్చింది. ఇక్కడ ఉన్నవారిలో మొదటి లెక్క చాలామందికి సరిపోతున్నది, రెండోది సున్నా. రోజు విడిచి రోజు పావుగంట పెట్టండి. మొదటి రెండు మూడు వారాల్లో తేలికగా అనిపించేది కండ పెరిగినందువల్ల కాదు, నాడులు పని నేర్చుకున్నందువల్ల. కండ విషయం నెలన్నర, రెండు నెలలు దాటాక చూద్దాం. రోహిణీ కార్తెలో నడకకు వెళ్ళలేని రోజుల్లో కూడా ఫ్యాను కింద చేసుకోగలగడం వీటికి ఉన్న మరో సుఖం.

పావుగంట ఎప్పుడు పెట్టాలన్నది మాత్రం ముఖ్యం. మంచం దిగగానే పెట్టవద్దు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే ఉదయం మనం సాయంత్రం కంటే ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా పొడవుగా ఉంటాము. నిండా గాలి కొట్టిన బుడగను వంచినట్టు, ఆ వేళ నడుము వంచితే డిస్కు మీద ఒత్తిడి మామూలు కంటే చాలా ఎక్కువ. లేచిన తరువాత మొదటి గంటలో ఆ అదనపు నీరు చాలావరకు దిగుతుంది. 1998లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ఉదయం పూట వంగడం మానుకున్న దీర్ఘకాలపు నడుము నొప్పి వారికి, ఆ ఒక్క మార్పుతోనే నొప్పి తగ్గింది. నా సింకు కథ ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మన ఆడవాళ్ళు మాత్రం తెల్లవారుజామున లేచీ లేవగానే చేసే మొదటి పని వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, కాళ్ళు నిటారుగా ఉంచి నడుము రెండుగా మడిచి ముగ్గు వేయడం. నెలగంట పెట్టిన తరువాత సంక్రాంతి దాకా గంటల తరబడి వేసే ముగ్గుల కాలంలో మా క్లినిక్కులకు వచ్చే నడుముల లెక్క నాకు తెలుసు. ముగ్గు మానమనే ధైర్యం నాకు లేదు. పొడుగు కర్ర చీపురుతో ఊడవండి, స్నానం, వంట పని ముగిశాక ముగ్గు వేయండి, లేదా చిన్న పీట మీద కూర్చుని జరుగుతూ వేయండి. నడకకు వచ్చేవారికి మేలైన వేళ నడక ముగిసి ఇంటికి చేరాక. అప్పటికి డిస్కులు సర్దుకుని ఉంటాయి, ఒళ్ళు వేడెక్కి ఉంటుంది.

చాప మీద నేర్చినది చాప మీదనే మిగిలిపోతే ఫలితం సగమే. గ్యాసు బండను తీసుకోండి. లోపల 14.2 కిలోల గ్యాసు, ఇనుప బండ బరువు కూడా కలిపితే 30 కిలోల దరిదాపు. దానిని కదపబోయే ముందు దగ్గరగా నిలబడి, పిరుదులను వెనక్కి నెట్టి, తుంటి దగ్గర మడత పడి, దగ్గు బిగువు తెచ్చుకుని అప్పుడు ఎత్తాలి. ఎత్తిన తరువాత పక్కకు తిరగాలంటే నడుము మెలితిప్పకుండా పాదాలు తిప్పాలి. సాధారణంగా మనం దీనికి విరుద్ధంగా, దూరం నుంచి వంగి, ఒంటి చేత్తో లాగి, మెలి తిరిగి పెడతాము.

మా తాతగారి తరంలో ఊరూరా తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు తీసిన ఒళ్ళు అవి. నడుము జారకుండా తీసిన దండీ, కదిలే ప్లాంకే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు అలాంటి సాధనతో పెరిగి, ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన గొలుసులు తెంపి దేశ దేశాల్లో ప్రదర్శనలు ఇచ్చారు. డబ్బాలో ఒత్తిడి నింపడం అంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు. అయితే రక్తపోటు మాత్రలు వాడుతున్నవారు ఆయనను ఆదర్శంగా తీసుకోకూడదు. ఊపిరి బిగబట్టి శ్రమపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే మొదటి పాఠంలో ఊపిరి మీద అంత పట్టుబట్టాను.

జాగ్రత్తలు మరికొన్ని. నడుము నొప్పితో పాటు కాలిలో బలం తగ్గుతున్నా, తొడల మధ్య భాగం తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద అదుపు తప్పుతున్నా, జ్వరం గానీ కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉన్నా, పడిన తరువాత నొప్పి మొదలైనా, ఈ వ్యాయామాలు మీకు కావు. ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్ళండి. హెర్నియా ఉన్నవారు అడిగి మొదలుపెట్టాలి. బాలింతల విషయం విడిగా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 ప్రసవాలు సిజేరియన్లు. కోత పడినా పడకపోయినా, గర్భంతో సాగిన పొట్ట కండరాలు మధ్య గీత దగ్గర ఎడమవుతాయి. పెద్దవాళ్ళు చీరతో బిగించే నడికట్టు ఆసరా ఇస్తుంది గానీ, కండరం పనిని అది చేయదు. ఆరు వారాల తరువాత డాక్టరమ్మ సరేనన్నాక, ఊపిరి పాఠంతో మొదలుపెట్టి, నెలల మీద నెమ్మదిగా బొద్దింక దాకా రావాలి. పొట్ట మధ్యలో గుడారంలా ఉబ్బెత్తు లేస్తున్నదంటే ఆ వ్యాయామం ఇంకా తొందరపాటే. ఇంట్లో అత్తగారో అమ్మగారో ఈ సభలో ఉంటే, ఆ పావుగంట పసివాడిని మీరు ఎత్తుకోవలసి ఉంటుందని కూడా గుర్తు పెట్టుకోండి.

మాటలు చాలించి చేసి చూద్దాం. నిర్వాహకులు ఆ మూల పది చాపలు తెచ్చి పెట్టారు. కుర్చీలను గోడ వైపు జరపండి. జరిపేటప్పుడు దగ్గరగా నిలబడి, తుంటి దగ్గర వంగండి, నేను చూస్తూనే ఉంటాను. మొదటి వరుసలో మోకాలి మీద చేయి పెట్టుకుని కూర్చున్న మాస్టారూ, మీరు రండి. స్టీలు పళ్ళెం నా సంచిలోనే ఉంది.